వదిన కట్టిన మూట

“రోడ్డు పక్క పిచ్చి ఆకులు కోసుకొచ్చి, చలికాలానికని కుందేళ్ళకి దాచడం కూడా ఓ విద్యేనా? నువ్వు వారంగా వాటిని నీడలో ఆరబెట్టి తిప్పుతున్నావు. నేను ఒక్క ఎండలో ఆరబెట్టి మూడు రోజుల కిందటే మూట కట్టేశాను, చూడు!” వదిన మూటని మరిది ముందు పడేసి, మూతి మూడు వంకర్లు తిప్పింది.

అతను మూట విప్పి ఒక కాడ వంచాడు. అది విరగలేదు, వంగింది.

“కాడ ఆరలేదు వదినా. లోపల బూజు పట్టింది.”

“కుందేలుకి బూజేం తెలుస్తుంది, నీ మొహం!”

వదిన మూటలో చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది, ముక్క వాసన గుప్పుమంది. అయినా తగ్గకుండా గుప్పెడు తీసి కుందేలు ముందు పెట్టింది.

కుందేలు వాసన చూసింది. ఆమెని ఎగాదిగా చూసి, మూతి తిప్పుకుని, మరిది నీడలో ఆరబెట్టిన ఆకులున్న గోనెసంచి వైపు గెంతింది.

అచ్చం తనలాగే తిప్పింది. ఎదుటి మనిషికి ఒళ్ళెంత మండుతుందో వదినకి ఇన్నాళ్ళకి తెలిసింది.