కప్పు మీంచి వచ్చినవాడు

అతను నోరు తెరిచేలోపే వెట్టియా గుమ్మానికి చెయ్యి అడ్డం పెట్టింది.

"అక్కడే ఆగు. గడప తొక్కకు."

నాలుగు నెలల నడక. కుంటికాలు. చంకలో మూట. గొంతు తడారిపోయింది. కాసేపు కూర్చోనిస్తే చాలనిపించింది అతనికి.

లోపల మంచాలు బయటపెట్టిస్తున్న టుర్పిలియుస్ తొంగిచూశాడు. వెట్టియా భర్తకు పినతండ్రి కొడుకు. రోము సైన్యంలోకి వెళ్లిన ఆ భర్త గావియుస్ పోయాడని కబురొచ్చి ఆరేళ్లయింది. మగదిక్కు లేని ఇల్లు తనదేనంటూ ఇవాళే పొరుగూరి నుంచి దిగాడు. సాయంత్రానికల్లా అత్తాకోడళ్లు వీధిన పడాల్సిందే.

"ఎవరు వదినా అది?"

"మీ అన్న."

టుర్పిలియుస్ ముఖం మాడిపోయింది. "గావియుస్సా? నా పదేళ్లప్పుడు చూశాను. ఇంత పొట్టిగా ఉండేవాడు కాదే!"

"పదేళ్లప్పుడు నువ్వు మాత్రం ఇంత లావున్నావా?"

"సరే, లోపలికి రానివ్వు మరి."

"కర్మలు చేసేసిన మనిషిని తలుపులోంచా? అలా వచ్చేది ప్రేతమే. బతికున్నవాడైతే కప్పు మీంచి దిగాలి. నీకు తెలీదా? పద, నిచ్చెన పట్టుకో."

అతను ఆమె ముఖంలోకి చూశాడు. నిద్రలేక ఎర్రబడ్డ కళ్లు. మూట గుండెకు అదుముకుని నిచ్చెనెక్కాడు.

"ఆ మూట ఇలా ఇవ్వు, పడతావ్," అన్నాడు టుర్పిలియుస్ కింద నుంచి.

"వద్దు."

పెంకులు కాలిపోతున్నాయి. వాననీటి కోసం కప్పు నడుమ వదిలిన ఖాళీలోంచి తాడు పట్టుకుని దిగి, అక్కడే కూలబడ్డాడు.

చూపులేని అత్త హెరెన్నియా తడుముకుంటూ వచ్చింది. ఆమె వేళ్లు అతని నుదురు, ముక్కు తడిమి ఎడమ చెవి దగ్గర ఆగిపోయాయి. కొడుక్కి అక్కడుండే చిన్ననాటి గాటు కోసం మళ్లీ మళ్లీ వెతికాయి. టుర్పిలియుస్ మెడ సాచి చూస్తున్నాడు.

"ఎంత చిక్కిపోయావురా నాయనా!" అంటూ ముసలమ్మ భోరుమంది.

కన్నతల్లే ఒప్పుకున్నాక ఇక నోరెత్తేదెవరు? మంచాలు మళ్లీ లోపల పెట్టించి, తోక ముడిచాడు టుర్పిలియుస్.

తలుపు గడియ పడింది. వెట్టియా అతనికి నీళ్లిచ్చి, గోడకు చేరగిలబడి చతికిలబడింది.

"ఇంకా ఎంతసేపు మోస్తావు? దించు," అంది నీరసంగా.

అతను మూట విప్పి, ఇంటికి చేరుస్తానని సైన్యంలో గావియుస్‌కి మాటిచ్చి ఆరేళ్లుగా దాచిన అతని అస్థికలను ఆమె ఒడిలో పెట్టాడు.