ముందు చక్రాల మీద

సర్పంచి నామినేషన్‌కు గడువు మధ్యాహ్నం మూడు గంటల వరకే. నేను నామినేషన్ వేయాల్సిన సత్యవేడు ఇంకా ఆరు మైళ్లుండగా జీపు వెనక యాక్సిల్ ఫటేల్మని విరిగింది.

జీపు పెద్దాయనది. ఇరవై ఏళ్లుగా ఆయనే సర్పంచి. "నా మీద నిలబడేవాడు నడిచిపోతే నాకు తలవంపు" అని పొద్దున తనే పంపాడు.

"దోపిడీదారుడి బండి ఇంతే!" అని టైరును తన్నాను. కాలు నొప్పెట్టింది.

డ్రైవర్ మునిరత్నం నవ్వి, కిందికి దూరి, విరిగిన కడ్డీ ఊడబెరికాడు. ముందు చక్రాలకు గేరు తగిలించాడు. "వెనకవి ఊరికే దొర్లుతాయి, ముందరివి లాగుతాయి. ఎక్కప్పా!"

లాగాయి! మిట్ట దగ్గర మాత్రం జారాయి. బరువు ముందు చక్రాల మీద పడేలా మునిరత్నం బండిని వెనక్కి తిప్పి రివర్సులో ఎక్కించాడు. మా ఊరి వైపు ముఖం, సత్యవేడు వైపు వీపు పెట్టి మిట్టంతా ఈలలు వేశాను. మేకలు బెదిరి పారిపోయాయి.

పది నిమిషాలుండగా కాగితం ఇచ్చేసి, పరిగెత్తుకొచ్చి అతన్ని వాటేసుకున్నాను. "యాక్సిల్ విరిగిందంటే పెద్దాయన తిట్టడా అన్నా?"

"యాల తిడతాడు? ఈపొద్దు యాక్సిల్ విరుగుతాది, విరిగినకాడ్నే నిలిపెయ్యరా అని పొద్దున్నే చెప్పినాడు. ముందు చక్రాల మాట ఎత్తలేదు గదప్పా!"