మేస్త్రి చేతులు

“పనికి రానంటవా? నీ చేతులిరగ్గొడ్తె నా బురుజెవడు గడ్తడ్రా మేస్త్రీ?” దొర చుట్ట నములుతూ అన్నాడు. “గందుకే నీ పెండ్లాం చేతులిరగ్గొట్టిస్త. పొద్దుగూకెటాల్లకు గోడ నిలబడాలె.”

పోచయ్య కళ్ల ముందే దొర మనుషులిద్దరు అతని భార్య ఈదమ్మను రెక్కపట్టి లాక్కుపోయి, గడీ వెనుక ఖైదు కొట్టులోకి తోసి గడియ పెట్టారు.

“ఒక్కన్ని ఎట్ల గట్టాలె దొరా? ఇంకో మేస్త్రిని పిలిపియ్యుండ్రి.”

“యాడున్నర్రా?” గుమాస్తా కసిరాడు. “నెల్లికుదురోళ్లు సంఘంల గలిసిన్రు. జఫర్‌గఢోళ్లు ఊరిడిసి పారిపోయిన్రు. గీ చుట్టుపక్కల తాపీ పట్టెటోనివి నువ్వొక్కనివే మిగిలినవ్.”

నిజమే. నిరుడు ఆ ఖైదు కొట్టు కట్టింది కూడా ఈ ఆలుమగలే. వెట్టికి రానివాళ్లను అందులోనే పడేసేవారు. ఇప్పుడేమో సంఘం దళం రేపో మాపో గడీ మీదికి వస్తుందని దొరకు కంటి మీద కునుకు లేదు. వానకు కూలిన బురుజు మళ్లీ లేస్తే తప్ప తుపాకులు నిలబెట్టే చోటు లేదాయె!

పోచయ్య పని మొదలుపెట్టాడు. ఒక రాయి పెడతాడు, తీస్తాడు, మళ్లీ పెడతాడు. సున్నం గోడ మీద కంటే నేల మీదే ఎక్కువ పడింది. మధ్యాహ్నానికి మోకాలెత్తు లేచిన గోడ కాస్తా పక్కకు ఒరిగింది.

“ఏందిరా గిది? తాగొచ్చినవా?”

“చేతులు వణుకుతున్నయ్ అయ్యా. జర ఈదమ్మను ఇడిసిపెట్టుండ్రి. ఆమె పక్కకుంటే పని సక్కగైతది.”

“ఓహో! పెండ్లాం కొంగు పట్టుకుంటే గాని రాయి లేవదా నీకు?” గుమాస్తా నవ్వాడు. కాపలా మనుషులూ పగలబడి నవ్వారు.

పొద్దు గూకింది. గోడ కుప్పకూలింది. దొర వచ్చి చూసి, కొట్టు వైపు సైగ చేశాడు. ఒకడు రోకలి భుజాన వేసుకుని కదిలాడు.

“ఇంకో జరసేపు ఆగుండ్రి దొరా! ఇంకో జరసేపు!” పోచయ్య దొర కాళ్లు చుట్టేశాడు. దొర ఒక్క తన్ను తన్నాడు.

అంతలోనే రోకలి పట్టుకెళ్లినవాడు రొప్పుతూ పరుగెత్తుకొచ్చాడు.

“దొరా! కొట్ల ఎవ్వలు లేరు! ఎనుక గోడకు మనిషి దూరేటంత సందుంది. గా రాళ్ల నడుమ సున్నమే పెట్టలే దొరా, ఉత్త మట్టి!”

పోచయ్య గట్టిగా ఊపిరి వదిలాడు. దొర అతని జుట్టు పట్టి లేపాడు. “దొంగ మేస్త్రీ! గట్లనా నువ్వు గోడ గట్టేది?”

పోచయ్య మొదటిసారి దొర కళ్లలోకి చూశాడు.

“నేను గట్టలే దొరా. నాకు గోడ గట్టుడు ఎన్నడొచ్చె? మేస్త్రి ఈదమ్మ. నేను రాళ్లు మోసెటోన్ని.”