పేలని తుపాకి వెనక

“ఇటు తిరగకండి!” జ్ఞానేశ్వరి కేక పెట్టింది.

జితేంద్ర ట్రిగ్గర్ నొక్కగానే మందుకి నిప్పంటించే క్యాప్ టప్పుమంది గానీ తుపాకి పేలలేదు. గొట్టం మూతిలోంచి మందూ సీసపు గుళ్లూ దట్టించే పాతకాలపు తుపాకి అది. ఫెజెంట్ పిట్టల వేటకి ఎంత మందు సరిపోతుందో తేల్చుకోవాలని, ములింగార్ ఊరి బయట పొలంలో పొద్దుటినుంచీ కొద్దికొద్దిగా పెంచుతూ, ఎదురుగా కట్టిన కాయితం మీదకి కాలుస్తున్నాడు.

“లోపల నిప్పు రగులుతుండొచ్చు, ఆలస్యంగా పేలొచ్చు. కాసేపు కాయితం వైపే పట్టుకోండి.”

ఆ జాగ్రత్త ఆమెకి నేర్పింది అతనే. కదలకుండా నిలబడ్డాడు.

పెళ్లయిన ఇన్నేళ్లలో, అతను ఉరిమి చూడకుండా ఆమె ఒక్క మాటా పూర్తి చేసిన గుర్తులేదు. ఇప్పుడు ఎదురుగా ఉన్నది వీపు ఒక్కటే.

“అంత దూరం ట్రాలీ ఊళ్లో, ఆస్పత్రి ఉద్యోగానికి ఒప్పుకున్నాను. అక్కడ ఇంటి లీజు మీద సంతకం కూడా పెట్టేశాను. మన పాప హాసినిని తీసుకెళ్తున్నా. రావడం, రాకపోవడం మీ ఇష్టం.”

“ఏంటీ?” తుపాకి గొట్టం పక్కకి కదిలింది.

“కాయితం వైపు!”

గొట్టం మళ్లీ సర్దుకుంది.

“నాకు ఒక్క మాటైనా చెప్పలేదే?”

“ఎన్నిసార్లు మొదలుపెట్టానో! మీ చూపు చూస్తే నోరు పెగల్లేదు.”

గాలికి కాయితం రెపరెపలాడింది. తుపాకి పేలుతుందేమోనని ఆగాల్సినంతసేపు ఎప్పుడో అయిపోయింది. ఆ సంగతి ఆమెకన్నా అతనికే బాగా తెలుసు.

అయినా తిరగలేదు.

“ఇంకా చెప్పు, జ్ఞానీ,” అన్నాడు, కాయితం వైపే చూస్తూ.