పాత్ర మీద చెయ్యి

రెండో గరిటె వంగకముందే పెద్ద భిక్షువు తన పాత్ర మీద అరచెయ్యి అడ్డం పెట్టేశాడు. చాలని అర్థం. ఆరామంలో భోజనాల దగ్గర నోరు మెదపకూడదు మరి.

వంటావిడకి ప్రాణం ఉసూరుమంది. నెల కిందటిదాకా మూడు గరిటెలు తినే మనిషి. పోయిన వారమంతా రెండు, ఈ వారం ఒకటి. రేపు వాసన చూసి లేచిపోతాడు కాబోలు!

ఇక్కడ తిండి రోజుకి ఒకటే పూట. మెతుకు పారేయకూడదు, రేపటికి దాచకూడదు. భిక్షువులు లేచాక మిగిలిందంతా వంటావిడే తినాలి. ఎంతని తింటుంది? ఆవిడ కడుపేమన్నా గోదామా? చిన్న భిక్షువులిద్దరు ప్రయాణం వెళ్లినప్పుడే పెద్ద గిన్నె అటకెక్కించింది. ఇప్పుడు ఈయన ఒక్కో గరిటె మానేస్తుంటే, ఆవిడా ఎసట్లో ఒక్కో గుప్పెడు తగ్గిస్తూ వస్తోంది.

ఇరవై ఏళ్లుగా పొయ్యి ముందు నిలబడి మోకాళ్లు అరిగిపోయాయి. చాలదన్నట్టు ఈ బెంగొకటి. కారం తగ్గించి చూసింది. కూర వెన్నలా ఉడికించి చూసింది. ఊహూఁ, అదే చెయ్యి.

ఆ సాయంత్రం పెద్దాయన మెట్ల మీద తూలి పడిపోయాడు. డాక్టరు వచ్చి నాడి చూశాడు. చూసి, ఆవిడ మీద విరుచుకుపడ్డాడు.

"ఏమ్మా, ఈయనకి అన్నం పెడుతున్నావా, చూపించి తీసుకుపోతున్నావా? ఇలాగే ఉంటే నెల తిరక్కుండా మనిషి దక్కడు."

ఆవిడకి తల కొట్టేసినట్టయింది. డాక్టరు అటు వెళ్లగానే మంచం పక్కన కూలబడి భోరుమంది.

"అయ్యా, ఇక నావల్ల కాదు. నా వంట సయించకపోతే సయించలేదని చెప్పండి. ఇంకెవరినైనా పెట్టుకోండి. నా చేతి కూడు తింటూ మీరిలా ఎండిపోతుంటే చూడలేను."

పెద్దాయన కంగారుగా లేవబోయి, ఓపిక లేక మళ్లీ వాలిపోయాడు.

"అయ్యయ్యో, నీ వంటకేం వంక తల్లీ! తిండి ఊసు మేమెత్తకూడదు, అందుకే అడగలేకపోయాను" అన్నాడు, ఆయాసపడుతూ. "గిన్నె రోజురోజుకీ వెలితైపోతోంది, మా తర్వాత తినేదేమో నువ్వు, నీకు గుప్పెడన్నా మిగలొద్దుటమ్మా?"