ఇసుక దీవా, గుట్టల దీవా

"ఇంకోసారి ఆ గుట్టల దీవి మాటెత్తావంటే ఇక్కణ్ణించే లేచి ఇంటికి పోతాను," అంది అక్క.

"పో. ఒక టికెట్ మిగులుతుంది," అంది చెల్లెలు.

టికెట్ల గుమాస్తా గోడ గడియారం వైపు చూశాడు. నాలుగూ ముప్పావు. మూడు రోజులుగా ఈ ఇద్దరూ బల్లకి అవతల కూర్చుని అతని ప్రాణం తోడేస్తున్నారు. చిన్నామె నోట 'అక్కా' అన్న మాట తిట్టులాగే వచ్చేది. తోడబుట్టినవాళ్ళు ఒకరినొకరు ఇంతగా అసహ్యించుకోవడం అతనెక్కడా చూడలేదు.

వీళ్ళ మొహాలకి ప్రపంచం చుట్టొచ్చే ప్రయాణమొకటి. ఆ టికెట్‌తో ఒకే దిక్కుగా సాగిపోవాలి, వెనక్కి తిరగడం కుదరదు. ఆరు ఊళ్ళు ఎలాగో కుదిరాయి. ఇక మిగిలింది మహాసముద్రం. దాన్ని దాటేటప్పుడు మధ్యలో ఏదో ఒక దీవిలో నాలుగు రోజులు దిగాలి. పేరున్న దీవుల ధరలు వినగానే ఇద్దరూ వద్దన్నారు. వాళ్ళు ఏకీభవించింది ఆ ఒక్క విషయంలోనే. చవగ్గా దొరికేవి ఇంకా రెండున్నాయి. ఒకటి మొత్తం ఇసుకే, నీళ్ళలో గుంజల మీద కట్టిన గుడిసెలు. రెండోది అన్నీ గుట్టలే, గదులు పైనెక్కడో ఉంటాయి.

ఐదింటిలోపు ఏదో ఒకటి ఖాయం చెయ్యకపోతే ఆపి ఉంచిన సీట్లన్నీ పోతాయి. సీట్లు పోతే గుమాస్తా ఉద్యోగమూ పోతుంది. ఆ మాట మేనేజరు పొద్దున్నే అందరూ వింటుండగా చెప్పాడు. ఇప్పుడు అద్దాల గదిలోంచి గుడ్లురిమి ఇటే చూస్తున్నాడు.

"ఇసుక దీవి రాసెయ్ బాబూ," అంది అక్క. "మా ఆయనకి సముద్రమంటే ప్రాణం. అలలు కనబడితే చాలు, పసిపిల్లాడైపోతారు."

"రాయకండి," అంది చెల్లెలు. "మా ఆయనకి సముద్రం గిట్టదు. కిందటేడు తీసుకెళ్తే కాలైనా తడుపుకోలేదు. గొడుగు కింద కూర్చుని పేపరు చదువుకున్నారు."

"గుట్టలెక్కితే మా ఆయన మోకాళ్ళేం కావాలి?"

"మా ఇంటికి లిఫ్టు లేదు. మా ఆయన మూడంతస్తులూ ఈల వేసుకుంటూ ఎక్కుతారు."

ఎందుకో అక్క మొహం మాడిపోయింది.

"పాతికేళ్ళ కాపురం నాది. మొగుడికేం కావాలో నువ్వు నేర్పాలా నాకు?"

"నాదీ కాపురమే. బొమ్మలాట కాదు."

ఇంత కడుపుమంట పెట్టుకుని కలిసి ఊరేగడమెందుకో గుమాస్తాకి అర్థం కాలేదు. వీళ్ళని కట్టుకున్న మగాళ్ళిద్దరి మీదా జాలేసింది. మరుక్షణం ఒళ్ళు మండింది. వాళ్ళు హాయిగా ఇంట్లో కూర్చున్నారు, చావు తనకొచ్చింది.

"అమ్మా, ఎనిమిది నిమిషాలే ఉంది," అన్నాడు. "దండం పెడతాను. మీ మీ వారికే ఫోన్ చేసి అడగండి. వాళ్ళిద్దరూ ఏది ఊఁ అంటే అదే ఖాయం చేసేస్తాను."

ఇద్దరూ ఒకేసారి ఫోన్లు తీశారు. ఒకరి వైపు ఒకరు చూసుకుంటూ, ఎవరు ముందు అన్నట్టు టకటకా నొక్కారు. అక్క వేళ్ళు తడబడ్డాయి. చెల్లెలి ఫోన్ ముందు కలిసింది.

"ఏవండీ," అంది, మూడు రోజుల్లో ఒక్కసారీ వినబడని గొంతుతో. "మీకు గుట్టల దీవేగా ఇష్టం? ఆఁ... అదే, అదే చెప్పాను."

అక్క ఫోన్ కుయ్ కుయ్‌మంది. ఎంగేజ్. మళ్ళీ చేసింది. మళ్ళీ ఎంగేజ్.

చెల్లెలు ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని గడ్డం ఎగరేసింది.

"మా ఆయన గుట్టల దీవే అన్నారు. ఇంక ఆవిడ సంగతి ఆవిడ తేల్చుకోవాలి."

ఐదు కావడానికి ఇంకా నాలుగు నిమిషాలే ఉన్నాయి. అద్దాల గది తలుపు తెరుచుకుంది. గుమాస్తా రెండు చేతులూ జోడించి అక్క వైపు తిరిగాడు.

ఆవిడ తన ఫోన్ బల్ల మీద పడేసి, చెల్లెలి ముందు చెయ్యి చాచింది.

"ఆ ఫోన్ ఇలా ఇవ్వు, మన ఆయనతో నేను మాట్లాడతాను."