బోర్డు వైపు

"నన్ను గోడవైపు తిప్పావంటే లేచి ఇంటికెళ్ళిపోతాను!"

మంచం మీది రోగి వేసిన కేకకు కొత్త విద్యార్థిని చేతిలోని దుప్పటి జారిపోయింది.

క్లాసంతా గొల్లుమంది.

నర్సింగ్ స్కూల్లో ఆమెకది మొదటి వారం. వయసు నలభై దాటింది. తోటి పిల్లలకు ఇరవై కూడా నిండలేదు. చేరిన రోజే వాళ్ళు ఆమెకు 'పిన్నిగారు' అని పేరు పెట్టేశారు.

ఆ రోగి నిజం రోగి కాదు. పిల్లలకు పని అలవాటు కావడానికి మంచమెక్కి పడుకునే ముసలావిడ. రోజూ అందరికంటే ముందే వచ్చి, చెప్పులు మంచం కింద విడిచి, దుప్పటి కప్పుకునేది. ఆవిడ్ని అందరూ మంచం బామ్మ అనేవారు.

"నాడి చూసుకో, ఒళ్ళు తుడుచుకో, కాదనను. తిప్పితే మాత్రం బోర్డువైపే తిప్పు. గోడకేసి పడుకోవడానికి నేనేమన్నా అలిగానా?" అంది బామ్మ.

పిన్నిగారు బోర్డువైపు తిప్పింది.

"అబ్బ! చేతులా అవి, మంచుగడ్డలా? వేడి చేసుకుని రా."

పిన్నిగారు మూలకు వెళ్ళి అరచేతులు రుద్దుకుంది. పిల్లలు మళ్ళీ నవ్వారు.

రోజూ ఇదే వరస. పిల్లలు ఎలా చేసినా బామ్మ ఊరుకునేది. పిన్నిగారి చేత మాత్రం చేసిందే మళ్ళీ చేయించేది.

ఈవిడకి నామీద ఏం పగ, అనుకునేది పిన్నిగారు.

ఇంట్లో బావగారు ముందే అన్నాడు, "ఈ వయసులో బడేంటమ్మా? చూస్తాంగా, ఎన్నాళ్ళు వెళ్తావో!" అని. మంచాన పడ్డ అత్తగారికి చివరిదాకా సేవ చేసినప్పుడు తెలిసింది ఆమెకు, తనకు నిజంగా చేతనయిన పని ఇదేనని. ఇప్పుడు ప్రాక్టికల్ పరీక్ష తప్పితే ఇక ఇంటికే. మళ్ళీ చేర్చుకోరు.

పరీక్ష దగ్గరపడిన ఒక మధ్యాహ్నం, గదిలో ఇద్దరే ఉన్నప్పుడు ఆమెకు దుఃఖం ఆగలేదు.

"రేపట్నుంచి రాను బామ్మగారూ. నావల్ల కాదు."

"తలుపు తీసే ఉందిగా? వెళ్ళకుండా గుమ్మంలో నిలబడి ఏడుస్తావేం?"

"మీకేం, పడుకుని ఎన్నయినా చెప్తారు!"

అన్నాక నాలుక్కరుచుకుంది.

బామ్మకు కోపం రాలేదు. చిన్నగా నవ్వింది.

"అవునే. పడుకుని చెప్పడమే నా వంతు. సరే, ఒక చెయ్యి భుజం మీద, ఒకటి నడుం మీద వెయ్యి. రెండూ ఒక్కసారే కదలాలి. ఊఁ, కానీ."

ఆ మధ్యాహ్నమంతా బామ్మ అటూ ఇటూ దొర్లుతూనే ఉంది.

పరీక్ష రోజున పిన్నిగారు అరచేతులు రుద్దుకుంది. బామ్మను ఒక్క కదలికలో బోర్డువైపు తిప్పింది.

"ఇబ్బందిగా ఏమైనా ఉందా?" అని రోగిని అడిగారు పరీక్ష చేసేవారు.

"నిద్రొస్తోంది," అంది బామ్మ.

బామ్మ నోట అంతకు మించిన మెప్పు ఎవరూ వినలేదు.

పిన్నిగారు గట్టెక్కింది. చదువు పూర్తయింది, వేరే ఊళ్ళో ఉద్యోగమూ వచ్చింది. ఆ సంబరంలో బామ్మకు ఒక్క మాటైనా చెప్పకుండానే వెళ్ళిపోయింది.

చాలా ఏళ్ళకు మళ్ళీ అదే గదిలో అడుగుపెట్టింది, ఈసారి పాఠం చెప్పడానికి. అప్పట్లో తన క్లాసుకు పాఠం చెప్పిన టీచరమ్మ రిటైరవుతోంది. ఆవిడ చోటు ఈమెకిచ్చారు.

అదే స్పిరిట్ వాసన. అదే ఆకుపచ్చ తెర. పెచ్చులూడిన అదే బోర్డు. చూస్తుంటే ప్రాణం లేచొచ్చింది.

మంచం మీద మాత్రం రబ్బరు బొమ్మ పడుకుని ఉంది, గోడవైపు తిరిగి.

"బామ్మ ఏరి టీచర్?"

"పోయారమ్మా. నువ్వెళ్ళిన మరుసటేడే."

ఎప్పుడో చెప్పవలసిన మాట ఇక చెప్పే వీలే లేదు.

"అసలు ఆవిడ రోజూ ఎందుకొచ్చేవారండీ?" అంది పిన్నిగారు.

టీచరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"నేనిక్కడ కొత్తగా చేరినప్పుడు ఒకావిడ సీటు కోసం వచ్చింది. అప్పటికి నలభై దాటాయి. వయసు మీరింది, కుదరదని పంపేశారు. అప్పట్లో రూలు అలా ఉండేది. ఆవిడ ఏడవలేదు, పోట్లాడలేదు. మంచం మీద పడుకోవడానికి మనిషి కావాలిటగా, దానికీ వయసు అడ్డమేనా అని అడిగింది."

పిన్నిగారు అరచేతులు రుద్దుకుంది. ఒక చెయ్యి భుజం మీద, ఒక చెయ్యి నడుం మీద వేసి, బొమ్మను మెల్లగా బోర్డువైపు తిప్పింది.

"ఎవరికీ చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకుంది," అంది టీచరమ్మ, "నీకంటే ముందు ఈ క్లాసులో పాఠాలు విన్న పిన్నిగారు ఆవిడేనమ్మా."